కదలని జీపు బ్యాటరీ ఎందుకు దిగిపోతుంది?

అరకులో పర్యాటకులు తగ్గిన రోజుల్లో జీపు నెలల తరబడి కదలకపోతే, తాళం తిప్పినా స్టార్టర్ పలకదు. వాడకపోయినా ఎందుకలా? బ్యాటరీ లోపలి రసాయన చర్య ఆగదు; గడియారం, అలారం లాంటివీ కొంచెం కొంచెంగా కరెంటు లాగేస్తాయి. ఛార్జి తగ్గిపోయిన లెడ్ యాసిడ్ బ్యాటరీ పలకల మీద లెడ్ సల్ఫేట్ స్ఫటికాలు గట్టిపడతాయి. అసలు నష్టం అదే, తర్వాత ఎంత ఛార్జి చేసినా పాత సత్తువ రాదు.

చిన్న సోలార్ ప్యానెల్ బిగిస్తే పోయిన కరెంటు పగలు తిరిగి చేరుతుంది. మధ్యలో ఛార్జ్ కంట్రోలర్ ఉండి తీరాలి. బ్యాటరీ నిండాక అది ఛార్జింగ్ తగ్గిస్తుంది, రాత్రి కరెంటు వెనక్కి పోకుండా ఆపుతుంది.

అరకు చల్లదనం ప్యానెల్‌కు మేలే, వేడెక్కితే దాని వోల్టేజీ తగ్గుతుంది. వానాకాలపు మబ్బులకు మాత్రం కాస్త పెద్ద ప్యానెల్ కావాలి. కాఫీ తోటల సిల్వర్ ఓక్ నీడలో బండి ఆపితే అదీ చాలదు.