కూరగాయల మడికి మేలుచేసే సూక్ష్మజీవులు

సూక్ష్మజీవి అనగానే ఆసుపత్రిలో పనిచేసే మాకు ముందు గుర్తొచ్చేది జబ్బే. వాటిని చంపడానికే పరికరాలు ఉడకబెడతాము, పదేపదే చేతులు కడుక్కుంటాము. మట్టిలో మాత్రం మొక్కకు అన్నం పెట్టే సూక్ష్మజీవులు కూడా ఉన్నాయి. వాటిని పెంచి ప్యాకెట్లలో అమ్మేవే జీవన ఎరువులు.

గాలిలో నూటికి 78 వంతులు నత్రజనే, కానీ మొక్క దానిని నేరుగా తీసుకోలేదు. పూతకు వచ్చిన పెసర లేదా అలసంద మొక్కను మెల్లగా పెకలించి వేళ్లు చూడండి, చిన్న బుడిపెలు కనిపిస్తాయి. గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే రైజోబియం వాటిలోనే ఉంటుంది. బుడిపెను గోటితో చీల్చితే లోపల గులాబి రంగు ఉండాలి, అప్పుడే అది పనిచేస్తున్నట్టు. ఆ రంగునిచ్చే పదార్థం మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు దగ్గర చుట్టం. రోజూ రక్తపరీక్షలు చూసే మాకు కూడా ఇది వింతే.

వంగ, టమాట, మిరపకు ఈ బుడిపెలు రావు. వాటికి అజోస్పైరిల్లం వాడాలి. మన నల్లరేగడిలో ఇంకో చిక్కుంది. డి.ఎ.పి.లోని భాస్వరం చాలావరకు నేలలోని సున్నంతో కలిసి బిగుసుకుపోతుంది. పి.ఎస్.బి. అనే బ్యాక్టీరియా ఆమ్లాలు వదిలి దాన్ని కరిగిస్తుంది.

ఎకరానికి ఈ రెండూ రెండేసి కిలోలు, మాగిన పశువుల ఎరువు 100 కిలోలు కలిపి, కాస్త తడిపి, రాత్రంతా నీడన ఉంచి తడినేలలో వేయాలి. రెండు సెంట్ల పెరటికైతే 40 గ్రాముల చొప్పున, రెండు కిలోల ఎరువు చాలు. నారు నాటేముందు లీటరు నీటిలో 100 గ్రాముల అజోస్పైరిల్లం కలిపి వేళ్లను పావుగంట ముంచినా మంచిదే. ఇవి ప్రాణమున్నవి. ఎండలో పెట్టినా, యూరియాతో కలిపినా చచ్చిపోతాయి. పురుగుమందు కలిపిన బకెట్‌లో అసలు కలపవద్దు (ఆ బకెట్ ఇంటి వాడకానికీ తేవద్దు). కొనేటప్పుడు గడువు తేదీ చూడండి. వీటితో ఎరువుల అవసరమే ఉండదని ఎవరైనా చెబితే నమ్మకండి. నేల పరీక్ష చేయించి, ఎంత తగ్గించవచ్చో వ్యవసాయాధికారిని అడగండి.

ఇది ఆసుపత్రి వారికెందుకంటారా? ఎక్కువైన యూరియా నైట్రేటుగా మారి బావుల్లోకి, బోర్లలోకి దిగుతుంది. తాగేనీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. అలాంటి నీటితో పాలపొడి కలిపి పడితే ఆరునెలల్లోపు బిడ్డ రక్తం ప్రాణవాయువును సరిగా మోయలేదు. పెదవులు, గోళ్లు నీలం తిరుగుతాయి. కాచితే సరిపోతుందనుకునే తల్లులున్నారు. కాచితే క్రిములు చస్తాయి గాని నైట్రేటు పోదు, నీరు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. బిడ్డకు తల్లిపాలే పట్టండి, బోరునీటిని పరీక్ష చేయించండి. నీలం కనిపిస్తే ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకురండి.

మరొక్క మాట. పేడలో, మట్టిలో ధనుర్వాతం క్రిమి కూడా ఉంటుంది. కాలికి పుండు, పగుళ్లు ఉన్నవారు ఎరువు తొక్కే పనికి చెప్పులు వేసుకోండి. గుచ్చుకున్నా, తెగినా సబ్బుతో కడిగి అదే రోజు వచ్చి ఇంజెక్షన్ అవసరమో కాదో చూపించుకోండి.