అంకెలనుండి పాట: ఖరీదైన డాక్ పెట్టెలో ఏమున్నది?

రాజన్న సిరిసిల్ల జిల్లాలోని కోనరావుపేట, మరమగ్గముల పట్టణమైన సిరిసిల్లకు పొరుగు మండలము. అక్కడి పెంకుటింటిలో రాత్రివేళ ఒకరు సెల్‌ఫోనులో ఘంటసాల పాట పెట్టుకొన్నారనుకొందము. ఫోనులో నున్నది పాట కాదు, అంకెలు. ఆ అంకెలను తిరిగి విద్యుత్తరంగముగా మార్చెడి చిన్న భాగమును ఇంగ్లీషు పొడి అక్షరములతో 'డాక్' అందురు. పాట వినిపించు ప్రతి ఫోనులోను, టెలివిజనులోను ఇది యేదో యొక రూపమున పనిచేయును. ఈ పనికే ప్రత్యేకముగా చేసిన పెట్టెలు వేయి రూపాయల పరిసరములనుండి లక్షల వరకు అమ్ముడగుచున్నవి. లక్షలు పోసినచో పాట నిజముగా బాగుపడునా?

జకార్డు మగ్గమును చూచినవారికి గుర్తులనుండి రూపము పుట్టుట వింతగా తోచదు. అట్టలో రంధ్రమున్న చోట పడుగుపోగు లేచును, లేనిచోట లేవదు. ఈ రెండు మాటలతోనే నెమలియు, మామిడిపిందెయు బట్టపైకి దిగును. సి.డి.లోని పాట కూడ ఒకటి, సున్న అను రెండు గుర్తులతోనే వ్రాయబడును. 1982లో విపణికి వచ్చిన ఈ పద్ధతిలో ధ్వనితరంగపు ఎత్తును సెకనుకు 44,100 మారులు కొలిచి, ప్రతి కొలతను 16 బిట్లతో, అనగా 65,536 మెట్లలో ఒక మెట్టుగా గుర్తింతురు.

ఉపమానము ఇంతవరకే చెల్లును. నేసిన గుండ్రని పూవును దగ్గరగా చూచినచో అంచు మెట్లుమెట్లుగా నుండును. డాక్ నుండి వచ్చు ధ్వనియు అట్లే గరుకుగా నుండుననియు, ఖరీదైన పెట్టె దానిని నునుపు చేయుననియు పలువురు నమ్ముదురు. ఇది పొరపాటు. తరంగములోని అత్యధిక పౌనఃపున్యమునకు రెట్టింపును మించిన వేగముతో కొలతలు తీసినచో, ఆ పరిమితిలో, ఆ కొలతలన్నిటి గుండా పోగల తరంగము ఒక్కటే యుండును. 1949లో క్లాడ్ షానన్ ప్రచురించిన వ్యాసములో దీనికి గణితపు రుజువు కలదు. మానవుని చెవి సెకనుకు సుమారు 20 నుండి 20,000 కంపనముల వరకే వినును. 44,100 దానికి రెట్టింపును దాటినది. డాక్ చివరనున్న వడపోత ఆ ఒక్క తరంగమునే వెలికితీయును. మెట్లు మిగులవు.

మరి తయారీదారుల శ్రమ యెక్కడ? నిచ్చెన పద్ధతి డాక్‌లో నిరోధకములు వరుసగా పేర్చబడి, ఒక్కొక్క బిట్టు తన క్రిందిదానికి సరిగా రెట్టింపు విద్యుత్తు నందింపవలెను. పెద్ద బిట్టు పూర్తి కొలతలో 65,536వ వంతు తప్పినను, ఆ తప్పు చిన్న బిట్టంత యగును. అంత సూక్ష్మత ఒకనాడు దుర్లభము. అందుచేతనే ఫిలిప్స్ సంస్థ తన తొలి సి.డి. యంత్రములో 14 బిట్ల డాక్‌ను నాలుగు రెట్ల వేగముతో నడిపి, 16 బిట్ల ఫలితమును సాధించినది. నేటి డాక్‌లలో పెక్కు ఈ యుక్తినే ఇంకను పొడిగించినవి: కొద్ది మెట్లనే అతివేగముగా కదిపి, రొదను చెవికందని పౌనఃపున్యములకు నెట్టివేయును. దుర్లభమైన సూక్ష్మత దీనితో చౌకయైనది.

16 బిట్లకు సుమారు 96 డెసిబెల్‌ల వ్యాప్తి కలదు. 24 బిట్లకు లెక్క ప్రకారము 144. కాని వేడివలన కలుగు విద్యుత్ రొద మూలమున ఏ పెట్టెయు దానిని పూర్తిగా అందుకొనలేదు. ఇక 1957 నాటి మాయాబజార్ పాటల సంగతి చూడుడు. ఆ కాలపు ధ్వనిముద్రణ సాధనములకు 60 డెసిబెల్‌లు దాటుటయే కష్టము. మూలములో లేని దానిని ఏ డాక్ తెచ్చిపెట్టగలదు?

2007లో అమెరికాలో మేయర్, మోరన్ అనువారు ఒక పరీక్ష ఫలితమును ప్రచురించిరి. సి.డి.ని మించిన ప్రమాణపు ధ్వనిని నేరుగా ఒకమారు, సి.డి. ప్రమాణమునకు కుదించి మరల ధ్వనిగా మార్చి ఒకమారు వినిపించి, ఏది యేదో చెప్పకుండ అడిగిరి. 554 యత్నములలో సరియైన జవాబులు 276. బొమ్మబొరుసు వేసినను అంతే వచ్చును. 2016లో రైస్ అను శాస్త్రజ్ఞుడు పలు పరీక్షలను కలిపి లెక్కించి, స్వల్పమైన తేడాను, ముఖ్యముగా శిక్షణ పొందినవారు, పట్టగలరని చూపినాడు. ఆ తేడా యున్నను మిక్కిలి చిన్నది.

కొనదలచినవారు ఇంటనే పరీక్షింపవచ్చును. రెండు పెట్టెల ధ్వనిని వోల్టుమీటరుతో సమము చేయవలెను. ఏ కొంచెము బిగ్గరగా నున్నదైనను చెవికి 'మేలైనది'గా తోచును. చాటున మరొకరు పెట్టెలు మార్చుచుండగా 16 మారులు గుర్తింపవలెను. ఊహతోనే 12 గాని అంతకు మించి గాని సరిపోవుట నూటికి నాలుగు సార్ల లోపే. ఫోనులో బుస యుండుట, ధ్వని చాలకపోవుట వంటి లోపములు నిజమైనవే, కాని చౌక పెట్టెతోనే తీరును. మంచి డాక్‌ల నడుమ తేడా డెసిబెల్‌లో పదవ వంతు కూడ నుండదు. స్పీకర్ల నడుమ, గదుల నడుమ అది పలు డెసిబెల్‌లు. సిమెంటు గదిలో బొంత పరచి, పరదా కట్టినచో కలుగు మార్పును ఎవరైనను గుర్తింతురు.

అన్నిటికంటె చివర నున్నది చెవి. 8 గంటల పనికి 90 డెసిబెల్‌లు మించరాదని కర్మాగారముల నియమము. సిరిసిల్ల వారు సాంచా అనెడి మరమగ్గముల షెడ్డులో మోత తరచు దానిని దాటును. ఏండ్ల తరబడి అందులో పనిచేసిన వారికి మొదట తగ్గునది 4,000 కంపనముల చుట్టుప్రక్కల వినికిడి. స, శ వంటి అక్షరములు, తాళపు గలగల మసకబారును; మాట వినబడునుగాని తెలియదు. ఆ నష్టము తిరిగి రాదు. షెడ్డులో సరిగా అమర్చుకొన్న చెవిబిరడలు ఈ మోతను 15, 20 డెసిబెల్‌ల మేరకు తగ్గింపగలవు. వాని వెల కొలది రూపాయలు.