మధుమేహము – జీర్ణాశయపు మందగమనము

మా బంధువర్గములో వృద్ధులొకరు ఇరువది సంవత్సరములుగా మధుమేహముతో బాధపడుచుండిరి. ఉదయము తినిన రెండు ఇడ్లీలు మధ్యాహ్నమునకు కూడ కడుపులో అట్లే ఉన్నవనియు, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవుచున్నదనియు ఆయన చెప్పుకొనెడివారు. ఒక్కొక్కనాడు ముందటి రాత్రి తినిన అన్నము వాంతిలో కనిపించెడిది. భోజనమునకు ముందు ఇన్సులిన్ సూది వేసికొనిన గంటకు చెమటలు పట్టి, చేతులు వణకి, రక్తములో చక్కెర పడిపోయెడిది. అర్ధరాత్రి పరీక్షించినచో అదే చక్కెర అమితముగా పెరిగియుండెడిది. చాటుగా మిఠాయిలు తినుచున్నారని ఇంటివారు ఆయనను నిందించి, మిఠాయి డబ్బా ఉన్న అలమరకు తాళము వేసిరి. మేమును ఆ నిందలో పాలుపంచుకొంటిమి. దోషము ఆయన నాలుకది కాదు, నరములదని తరువాత తెలిసినది. ఆ విషయమునే విద్యార్థి మిత్రులకు విన్నవించుచున్నాము.

కడుపు వట్టి సంచి యని మనలో పలువురు తలంతురు. నిజమునకు అది సంచియు, రుబ్బురోలును కూడ. పైభాగము వదులై అన్నమునకు చోటిచ్చును. క్రిందిభాగము నిమిషమునకు సుమారు మూడుసార్లు ముడుచుకొనుచు దానిని మెత్తగా రుబ్బును. ఈ లయను నిర్ణయించు కణములకు 1906 లో నోబెల్ బహుమతి నందిన స్పెయిన్ దేశపు శాస్త్రజ్ఞుడు కహాల్ పేరు పెట్టిరి. బాగుగా నలిగిన పదార్థమును క్రింది ద్వారము కొంచెము కొంచెముగా చిన్నప్రేగులోనికి విడుచును.

ఈ పనిని మెదడుతో కలుపు ప్రధాన మార్గము వేగస్ నాడి. లాటిను భాషలో వేగస్ అనగా సంచారి. కపాలము అడుగున బయలుదేరి, మెడ, ఱొమ్ము దాటి ఉదరమువరకు తిరుగును గనుక ఆ పేరు తగియే యున్నది. మెదడు ఆజ్ఞాపించుట, కడుపు పాటించుట, ఇంతియే యని మేమును అనుకొంటిమి. కాని ఈ నాడిలోని తంతువులలో నూటికి సుమారు ఎనుబది లోపలి అవయవముల వార్తలను మెదడునకు మోయునవే! కడుపు ఎంత సాగినది, ప్రేగులోనికి ఏ పోషకములు చేరినవి అను సమాచారము ఈ మార్గమున పోవును. కొవ్వు చేరినప్పుడు ప్రేగు గోడలనుండి వెలువడు హార్మోనులును ఈ నాడి ద్వారా "ఇక చాలును, మెల్లగా పంపుము" అని తెలియజేయును.

రక్తములో చక్కెర ఏండ్ల తరబడి హెచ్చుగా నున్నచో నరపు తంతువులును, వానికి రక్తమునందించు సన్నని నాళములును చెడును. పొడవైన నరములు ముందుగా దెబ్బతినును. అందుచేతనే పలువురు మధుమేహులకు మొదట అరికాళ్లు తిమ్మిరెక్కును. వేగస్ కూడ పొడవైన నాడియే. దానితోపాటు కహాల్ కణములు తగ్గవచ్చును. కడుపు గోడలోనే ఉండి క్రింది ద్వారమును వదులుచేయు నరకణములును క్షీణింపవచ్చును. అప్పుడు పైభాగము వదులుకాదు, క్రిందిభాగము సరిగా రుబ్బదు, ద్వారము వేళకు తెరచుకొనదు; మెదడునకు పోవు వార్తలును తారుమారగును. ఈ స్థితిని వైద్యులు గాస్ట్రోపరేసిస్ అందురు. 1958 లో కసాండర్ అను వైద్యుడు మధుమేహులలో దీనిని వర్ణించినప్పుడే, బాధ ఏమియు తెలియకయే కడుపు మందగింపవచ్చునని చూపెను. అయితే ప్రతి మధుమేహికి ఇది కలుగదు. కొందరికి, ముఖ్యముగా వ్యాధి తొలిదశలో, కడుపు అతివేగముగా ఖాళీ యగుటయు కలదు.

ఇక ఆ వృద్ధుల చక్కెర చిక్కుముడిని విప్పుదము. సూదిమందు తన వేళకు పనిచేయ మొదలిడును. అన్నము మాత్రము కడుపులోనే నిలిచియుండును. అన్నమునుండి చక్కెర రాకమునుపే, రక్తములో ఉన్న చక్కెరను మందు తగ్గించివేయును. మందు బలము తగ్గిన పిమ్మట అన్నము మెల్లగా దిగి చక్కెరను పెంచును. పైగా అమితముగా పెరిగిన చక్కెరయే కడుపును మరింత మందగింపజేయును. ఇట్టివారికి చక్కెర పడిపోయినప్పుడు లడ్డు పెట్టుటకంటె గ్లూకోజు నీరు త్రాగించుట మేలు. ఘనపదార్థములకంటె ద్రవములు సులభముగా దిగును.

కడుపులో అడ్డు ఏదియు లేదని ఎండోస్కోపీతో చూచిన పిమ్మట, స్వల్ప రేడియోధార్మిక పదార్థము కలిపిన గ్రుడ్డు భోజనమిచ్చి నాలుగు గంటలవరకు చిత్రములు తీయుదురు. అప్పటికిని పదవ వంతుకు మించి మిగిలినచో మందగమనమని నిర్ణయింతురు.

చికిత్స కొంత మాత్రమే కలదు. ఒకేసారి నిండుగా తినక పలుమార్లు కొద్దికొద్దిగా తినుట, కొవ్వును, పీచును తగ్గించి మెత్తని ఆహారము తీసికొనుట, తినిన వెంటనే పరుండకుండుట ముఖ్యములు. మెటోక్లోప్రమైడ్ వంటి మందులు కడుపును కదిలించును గాని, దీర్ఘకాలము వాడినచో ముఖము, నాలుక వాటంతట అవియే కదలు వ్యాధి రావచ్చును. దుకాణములో స్వయముగా కొని మ్రింగదగినవి కావు. నేడు మధుమేహమునకిచ్చు సెమాగ్లుటైడ్ వంటి మందులు కడుపును మందగింపజేయును గనుక, ఇట్టి బాధ ఉన్నవారు వైద్యునికి ముందే చెప్పవలెను. రంజాను ఉపవాసముండదలచిన మధుమేహులును అంతే. కొవ్వు నిండిన హలీము ఆరోగ్యవంతుల కడుపునుండియే మెల్లగా దిగును. ఇఫ్తారు వేళ సూదిమందు లెక్కను వైద్యునితో ముందుగానే నిర్ణయించుకొనవలెను.

ఆ వృద్ధులకు వైద్యుడు సూదిమందు వేళను భోజనానంతరమునకు మార్చెను. గట్టి అన్నమునకు బదులు మెత్తగా ఉడికిన జావ, పలుచని పప్పు ఐదారు పూటలుగా ఇచ్చుచుండిరి. చక్కెర పూర్తిగా కుదుటపడలేదు గాని, గంటకే చెమటలు పట్టుట తగ్గినది. అలమర తాళమును ఆ వారమే తీసివేసిరి.