మీకు తెలుసా? దిక్సూచి ఉత్తరం వేరు, మ్యాపు ఉత్తరం వేరు!

దిక్సూచి ముల్లు చూపేది అయస్కాంత ఉత్తరాన్ని. మ్యాపులో ఉండేది భౌగోళిక ఉత్తరం. ఈ రెంటి మధ్య కోణమే అయస్కాంత దిక్పాతం.

• హైదరాబాద్‌లో ఇది ఒక డిగ్రీకి అటూ ఇటూ. పట్టించుకోకపోయినా పెద్దగా దారి తప్పం.

• అమెరికాలోని సియాటెల్‌లో సుమారు 15 డిగ్రీలు తూర్పుకు. అక్కడి కొండల్లో ముల్లునే నమ్మి ఉత్తరానికి కిలోమీటరు నడిస్తే, చేరాల్సిన చోటికి దాదాపు 260 మీటర్ల దూరంలో తేలతాం.

• 1831లో జేమ్స్ క్లార్క్ రాస్ కెనడాలోని బూథియా ద్వీపకల్పంలో గుర్తించిన అయస్కాంత ధ్రువం, ఇప్పుడు ఆర్కిటిక్ సముద్రంలో సైబీరియా వైపు జరిగిపోయింది. కోణమూ మారుతోంది.

• అందుకే ట్రెక్కింగ్ మ్యాపు అంచున ముద్రించిన దిక్పాతంతోపాటు అది ఏ సంవత్సరానిదో కూడా చూసుకోవాలి. ముల్లు చూసేటప్పుడు ఫోను, చాకు దగ్గర పెట్టుకోకూడదు.