మాట మనదే, నడక ఎవరిది?

విజయవాడ నుంచి ఏలూరు వెళ్లే పదహారో నంబరు జాతీయ రహదారిని నూజివీడు–గుడివాడ రోడ్డు కలిసేచోట పెరిగిన ఊరు హనుమాన్ జంక్షన్. పేరులో సగం ఆంజనేయస్వామిది, సగం ఇంగ్లీషుది. ఇక్కడి రైల్వేస్టేషన్ పేరేమో నూజివీడు. అది చూసి నూజివీడు వచ్చేశామనుకుని దిగినవాళ్లు మళ్లీ బస్సెక్కాల్సిందే. ఇలాంటి కూడలిలో భాష కలగాపులగంగా ఉండక ఇంకెలా ఉంటుంది?

బస్టాండులో ఓ పక్కన నిలబడితే ఇలాంటి మాటలు చెవిన పడతాయి: "గుడివాడలో బస్సు మిస్సయ్యి, ఆటో ఎక్కి ఇక్కడ దిగి, టీ తాగి, ఏలూరు ఎక్స్‌ప్రెస్ కోసం వెయిట్ చేస్తున్నాం అన్నయ్యా." అడుగడుక్కీ ఇంగ్లీషు మాటే. భాషాభిమానికి ప్రాణం చివుక్కుమంటుంది. కానీ ఆ వాక్యం నడక చూడండి. బస్సు తప్పిపోవడం, ఆటో ఎక్కడం, దిగడం, టీ తాగడం అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చి, చివరి క్రియ దగ్గర ఆగాయి. మధ్యలో ఒక్క "మరియు" లేదు. మిస్సుకు "అయ్యి", వెయిటుకు "చేస్తున్నాం" తగిలించి పరాయి మాటల చేత మన వ్యాకరణంలో చాకిరీ చేయించుకుంటున్నారు.

ఇప్పుడు గోడ మీది బోర్డు చదవండి: "ఇచ్చట గదులు అద్దెకు ఇవ్వబడును." ఇంగ్లీషు మాట ఒక్కటీ లేదు. అయినా ఆ బోర్డు రాయించినాయనకే ఫోన్ చేస్తే "ఇవ్వబడతాయండీ" అనడు, "ఇస్తామండీ, ఎంతమంది?" అంటాడు. నన్నడిగితే బస్టాండు మాటే తెలుగు, బోర్డు మీదిది కాదు.

ఈ "బడు" పాపమంతా ఇంగ్లీషు నెత్తిన రుద్దడం న్యాయం కాదు. సంస్కృతాన్ని తెనిగించిన రోజుల్లోనే అది పుస్తకాలకెక్కింది. నోటి మాటలో ఇమడలేకపోయిన దాన్ని కచేరీ కాగితాలు, టెలిగ్రాం వార్తలు పిలిచి ఉద్యోగమిచ్చాయి. 1902లో మచిలీపట్నంలో కృష్ణాపత్రిక మొదలైంది. ఆ కాలంలో దూరపు వార్తలు ఇంగ్లీషులోనే వచ్చేవి. అచ్చుకు వేళ మించిపోతుంటే వాక్యాన్ని విప్పి మళ్లీ అల్లే తీరిక ఎవరికుంటుంది? "కీలక పాత్ర పోషించారు", "వెలుగులోకి వచ్చింది" లాంటివి ఆ తొందరలో పుట్టినవే. కౌతవరానికి చెందిన నార్ల వెంకటేశ్వరరావు ఆంధ్రప్రభలోనూ, 1960లో విజయవాడలో మొదలైన ఆంధ్రజ్యోతిలోనూ వాడుక భాషకు పెద్దపీట వేశారు. తర్వాత బూదరాజు రాధాకృష్ణ ఈనాడు జర్నలిజం స్కూల్లో విలేకరులకు తెలుగు రాయడం నేర్పారు. అయినా టీవీ గొట్టం పట్టుకోగానే "ఏదైతే ప్రమాదం జరిగిందో" అనే రాగం ఎత్తుకోకుండా ఉండలేకపోతున్నాం.

సెల్‌ఫోన్ ప్రకటనలది మరో వరస. "ఈ ఫోన్ 50 మెగాపిక్సెల్ కెమెరాను కలిగి ఉంది." మనకు ఆస్తయినా జబ్బయినా ఒకటే పద్ధతి: ఆయనకు నాలుగెకరాలుంది, ఆవిడకు ఇద్దరు పిల్లలు, వాడికి పొగరు. మనిషి పక్కన "కు" చేరిస్తే పనైపోతుంది. తెలుగువాడు జ్వరాన్ని కలిగి ఉండడు, జ్వరమే అతన్ని వెతుక్కుంటూ వస్తుంది. "ఆయన డాక్టరు" అనడానికి మనకు క్రియే అక్కర్లేదు. చేకూరి రామారావు 1975లో "తెలుగు వాక్యం" పుస్తకంలో శాస్త్రీయంగా పరిశీలించింది మన వాక్యాల ఈ కట్టుబడినే. వేదికల మీద మాత్రం ఆ డాక్టరుగారు "ఒక గొప్ప డాక్టర్‌గా ఉన్నారు". ఆ "ఒక" విన్నప్పుడల్లా రెండో డాక్టరు ఎక్కడని అడగాలనిపిస్తుంది.

అన్నిటికన్నా జాగ్రత్తగా వినాల్సింది మైకు ముందు మాట. "కాలవకు మరమ్మతులు చేయడం జరిగింది." ఎవరు చేశారు? "నిధులు దారి మళ్లించబడ్డాయి." ఎవరు మళ్లించారు? తెలుగులో చేసినవాడే కాదు, చేయించినవాడూ దొరికిపోతాడు. "మేస్త్రీ చేత గోడ కట్టించాడు" అంటే ఇద్దరూ బయటపడ్డారు. అందుకే కాబోలు సమీక్షా సమావేశాల్లో ఈ కర్త లేని వాక్యాలంటే అంత మోజు. అలాగని ఎప్పుడూ కర్తను దాచేస్తారనుకోకండి. ఏ ఊళ్లోనైనా శిలాఫలకం ముందు ఆగి చూడండి. "కరకమలములచే ప్రారంభించబడినది" అనే ఉంటుంది. కాకపోతే ఆ కరకమలాలు ఎవరివో ఆమడ దూరానికి కనపడేంత లావుపాటి అక్షరాల్లో చెక్కి ఉంటుంది.