చప్పట్లతో సహా

రాత్రి తొమ్మిది దాటాక ఎల్బీనగర్ చౌరస్తాలో నిలబడితే గోదావరి జిల్లాల ఊర్ల పేర్లన్నీ బస్సుల అద్దాల మీదే చదువుకోవచ్చు. భీమవరం, నరసాపురం, తణుకు, పాలకొల్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కేవాళ్ళు ఎక్కుతారు, మిగిలినవాళ్ళు ఇక్కడా వనస్థలిపురంలోనూ అందుకుంటారు, బండి విజయవాడ హైవే ఎక్కుతుంది. ఆ పాలకొల్లులో 1969 ఫిబ్రవరి 28న పుట్టిన ఒక పిల్లవాడు మాండొలిన్ పట్టుకుని ఎంత దూరం వెళ్ళాడో చెప్పే సీడీ ఒకటుంది. పేరు ‘ది బిలీవర్’. బృందం ‘రిమెంబర్ శక్తి’. 1999 కచేరీల్లో రికార్డు చేసి 2000లో విడుదల చేశారు. రాక్ సంగీతం గురించి, ముఖ్యంగా ప్రోగ్రెసివ్ రాక్ లైవ్ ఆల్బమ్‌ల గురించి తెలుగువాడు మాట్లాడాలంటే ఈ సీడీతోనే మొదలుపెట్టాలని నా నమ్మకం.

ప్రోగ్రెసివ్ రాక్ కొత్తగా వినేవాళ్ళ కోసం ఒక మాట. 1960ల చివర్లో ఇంగ్లండ్ కుర్రాళ్ళు కొందరికి మూడు నిమిషాల పాట చాలలేదు. పల్లవి, చరణం, మళ్ళీ పల్లవి అన్న కట్టు తెంచుకున్నారు. ఒక్కో పాటను ఇరవై నిమిషాల దాకా పెంచారు, నడుమ లయ మార్చారు. యస్, కింగ్ క్రిమ్సన్, జెనెసిస్, పింక్ ఫ్లాయిడ్ ఆ తరానివే. 1973లో పింక్ ఫ్లాయిడ్ ‘మనీ’ పాటను ఏడు దెబ్బల లెక్కలో కడితే రాక్ లోకం అబ్బురపడింది. మన మిశ్రచాపు కూడా ఏడే. మృదంగం క్లాసుకు వెళ్ళే పిల్లవాడు ఆ ఏడును తొడ మీద వేసుకుంటూ పెరుగుతాడు. అందుకే ఈ సంగీతం మనకు దూరపు చుట్టం కాదంటాను.

అంత చిక్కటి సంగీతాన్ని స్టూడియోలో ముక్కలు ముక్కలుగా అతికించారని, వేదిక మీద వాయించలేరని గిట్టనివాళ్ళు అనేవారు. దానికి జవాబే లైవ్ ఆల్బమ్‌లు. యస్ 1973లో ‘యస్‌సాంగ్స్’ పేరుతో మూడు ఎల్పీల కచేరీ విడుదల చేసింది. మరుసటి ఏడాది ఎమర్సన్, లేక్ అండ్ పామర్ మరో మూడు ఎల్పీలతో వచ్చింది. కింగ్ క్రిమ్సన్ దారి వేరు. 1974 నాటి ‘స్టార్‌లెస్ అండ్ బైబిల్ బ్లాక్’లో చాలా భాగం వేదిక మీద వాయించిందే, కానీ జనం సందడి తీసేసి స్టూడియో ఆల్బమ్‌లా అందించారు. సంగీతం గొప్పది. ఆ తుడిచివేత మాత్రం నాకు నచ్చదు. మన కచేరీలో ముందు వరుసలో కూర్చున్న పెద్దాయన తాళం వేస్తూ ‘శభాష్’ అంటే అది విద్వాంసుడి చేతికి చేరుతుంది. తర్వాతి సంగతి మారుతుంది. ఆ మనిషిని రికార్డులోంచి తీసేస్తే ఆ సంగతి ఎందుకు పుట్టిందో ఎవరికీ తెలియదు.

ఇక అసలు కథ. జాన్ మెక్‌లాఫ్లిన్ 1942లో ఇంగ్లండ్‌లోని డాంకాస్టర్‌లో పుట్టిన గిటారిస్టు. 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా పెట్టి చెవులు దద్దరిల్లే విద్యుత్ సంగీతం వాయించాడు. ఆ బృందం లైవ్ ఆల్బమ్ 1973 ఆగస్టులో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో రికార్డయింది. ఆ గిటార్ కీర్తి పతాకస్థాయిలో ఉన్న రోజుల్లోనే ఆయన అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో ఎస్. రామనాథన్ దగ్గర వీణ, కర్ణాటక సంగీత లక్షణం నేర్చుకున్నాడు. తర్వాత ఆంప్లిఫయర్ల గోడ వదిలేసి, నేల మీద బాసింపట్టు వేసుకుని, ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయక్‌రామ్ ఘటం, ఆర్. రాఘవన్ మృదంగాల పక్కన కూర్చున్నాడు. ఆ బృందం పేరు ‘శక్తి’. దాని మొదటి ఆల్బమే కచేరీ రికార్డు. 1975 జులై 5న లాంగ్ ఐలండ్‌లోని ఒక కాలేజీలో పట్టారు. మొత్తం మూడే అంశాలు. ఒకటి పద్దెనిమిది నిమిషాలు, మరొకటి ఇరవై తొమ్మిది.

అప్పటికి మన పాలకొల్లు పిల్లవాడు ఉప్పలపు శ్రీనివాస్‌కు ఆరేళ్ళు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాయించేవారు. ఇంట్లో ఉన్న మాండొలిన్‌ను పిల్లవాడు తీసుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండొలిన్ రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విని వాయించేవాడు. ఆ వాద్యం మీద గాత్రం వినిపించడానికి మూలం అక్కడుంది. తొమ్మిదేళ్ళ వయసులో, 1978లో, గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో ఈ పద్నాలుగేళ్ళ కుర్రవాడు కర్ణాటక సంగీతం వాయిస్తే సభ లేచి నిలబడింది.

ఆయన చేసిన పని ఏమిటో కొంచెం నిదానంగా చూడాలి. మామూలు మాండొలిన్‌కు నాలుగు జంటలు, ఎనిమిది తీగలు. మీటగానే గణగణమని మోగి చప్పున ఆరిపోతుంది. గమకం పలకాలంటే తీగను లాగాలి, లాగినంతసేపూ నాదం నిలవాలి. జంట తీగలను సమంగా లాగడం కష్టం, నాదమూ నిలవదు. శ్రీనివాస్ జంటలు తీసేశారు, ఒంటి తీగలు పెట్టుకున్నారు, ఐదో తీగ చేర్చారు, గుల్ల లేని ఎలక్ట్రిక్ వాద్యం ఎంచుకున్నారు. ఆంప్లిఫయర్ నాదాన్ని నిలబెట్టింది. రాక్ గిటార్‌కు గొంతునిచ్చిన విద్యుత్తే త్యాగరాజ కృతికి గమకాన్నిచ్చింది. అటు మెక్‌లాఫ్లిన్ తీగను గమకానికి వంచడం కోసం తన గిటార్ మెట్ల నడుమ చెక్కను లోతుగా తొలిపించుకున్నాడు. ఒకరు కర్ణాటకం కోసం కరెంటు దగ్గరికి వచ్చారు, మరొకరు కరెంటు గిటార్ నుంచి వీణ దగ్గరికి వెళ్ళారు. ఇద్దరూ ‘రిమెంబర్ శక్తి’గా ఒక్క వేదిక మీద కలవడానికి 1990ల చివరిదాకా ఆగాల్సి వచ్చింది.

‘ది బిలీవర్’లో నలుగురే. గిటార్, మాండొలిన్, జాకిర్ తబలా, విక్కు వినాయక్‌రామ్ కొడుకు సెల్వగణేశ్ కంజీరా, ఘటం. ఆరు అంశాలు గంటకు పైగా సాగుతాయి. ‘లోటస్ ఫీట్’ను 1975 రికార్డులోనూ ఇక్కడా పక్కపక్కన వినండి. విల్లు లాగినంతసేపూ వయొలిన్ స్వరం నిలుస్తుంది. మాండొలిన్‌కు ఆ వెసులుబాటు లేదు. శ్రీనివాస్ ఆ ఖాళీని తొందరపడి నింపరు, గిటార్ వచ్చి చేరడానికి చోటు ఉంచుతారు. ‘మాయ’ ఆయన సొంత రచన. నాకు ఈ సీడీలో అన్నిటికన్నా ఇష్టమైంది అదే.

2000 డిసెంబరులో ముంబయిలో రికార్డు చేసిన ‘సాటర్‌డే నైట్ ఇన్ బాంబే’ మరో లైవ్ ఆల్బమ్. అందులో శ్రీనివాస్ తమ్ముడు రాజేశ్ మాండొలిన్ కూడా ఉంది. బంగాళ రాగంలోని త్యాగరాజ కృతి ‘గిరిరాజ సుతా తనయ’ను శ్రీనివాస్ ఈ బృందానికి మలిచారు, శంకర్ మహదేవన్ పాడారు. 2014 సెప్టెంబరు 19న, నలభై అయిదేళ్ళకే, చెన్నైలో శ్రీనివాస్ వెళ్ళిపోయారు. ‘శక్తి’ పేరుతో వచ్చిన ‘దిస్ మొమెంట్’కు 2024లో గ్రామీ వచ్చింది. ఆ డిసెంబరులోనే జాకిర్ కూడా లేకుండా పోయారు. ఆ ‘మాయ’ను ఆ నలుగురితో మళ్ళీ వినే వీలు ఇక రికార్డులోనే.

మొదట్లో ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ గురించి ఎందుకు చెప్పానంటే, ఈ సంగీతం వినాల్సిన చెవులు ఇక్కడే ఎక్కువ. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు, నల్లగొండ నుంచి, ఖమ్మం నుంచి, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చినప్పటి నుంచి మియాపూర్ వైపు ఇరవై తొమ్మిది కిలోమీటర్ల దారిలో ప్రతి చెవిలోనూ ఇయర్‌ఫోన్ కనిపిస్తోంది. చైతన్యపురిలో ఎక్కినవాడు అమీర్‌పేటలో దిగేలోపు ‘మాయ’ మొత్తం వినొచ్చు. కానీ ఒంటరిగా వినడానికి పట్టిన సంగీతం కాదిది. పదిమంది నడుమ పుట్టింది.

కానీ హైదరాబాద్‌లో మంచి కచేరీ అంటే రవీంద్రభారతి, లేకపోతే మాదాపూర్ శిల్పకళావేదిక, గచ్చిబౌలి. ఎల్బీనగర్ పిల్లవాడు కచేరీ ముగిసేదాకా కూర్చుంటే ఆఖరి మెట్రో పోతుందేమోనన్న బెంగ. చివరి అంశం, బృందం విజృంభించేది, ఎప్పుడూ ఆఖర్నే ఉంటుంది. దాన్ని వదులుకుని లేచి వచ్చిన సాయంత్రాలు తూర్పు హైదరాబాద్‌లో చాలామందికి ఉన్నాయి.

సరూర్‌నగర్‌లో ఇండోర్ స్టేడియం ఉంది. ఏడాదికి ఒక్కసారి, శ్రీనివాస్ పుట్టినరోజున, అక్కడ ఒక కచేరీ పెట్టాలి. మాండొలిన్, మృదంగం నేర్చుకునేవాళ్ళను, గదుల్లో ఎలక్ట్రిక్ గిటార్ సాధన చేసే బీటెక్ పిల్లలను ఒకే వేదిక ఎక్కించి, దాన్ని మొదటి నుంచి చివరిదాకా, జనం సందడితో సహా రికార్డు చేయాలి. టికెట్టు హాస్టల్ విద్యార్థి కొనగలిగే ధరలో ఉండాలి. ఫిబ్రవరి చివరంటే ఇంటర్ పరీక్షల రోజులు కదా అని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. రెండు గంటలు. ఆ రెండు గంటలు పిల్లలకు ఇవ్వమని అడుగుతున్నాను.