రోగికి తెచ్చిన యాపిల్‌తో ఇంట్లోనే ఒక తీపి

ఆసుపత్రిలో ఉన్నవారిని చూడడానికి వచ్చే బంధువుల చేతిలో మామూలుగా రెండు సంచులు ఉంటాయి. ఒకదానిలో కాకినాడ గొట్టం కాజాలో, తాపేశ్వరం మడత కాజాలో ఉంటాయి. రెండోదానిలో యాపిల్ పండ్లు. కాజాలు సాయంత్రానికే ఖాళీ అవుతాయి. అందులో షుగరు ఉన్నవారు ఎన్ని తిన్నారో మాకు ఎవరూ చెప్పరు. యాపిల్ పండ్లు మాత్రం మంచం పక్కన బల్ల మీద అలాగే ఉండి, ఇంటికి వెళ్ళే రోజుకు తొక్క ముడతలు పడిపోతాయి.

ఎందుకు తినలేదండీ అని అడిగితే వచ్చే జవాబులు మాకు అలవాటైపోయాయి. "పళ్ళు ఊడిపోయాయమ్మా, నమలలేను." "జ్వరం వచ్చి తగ్గాక నోటికి ఏమీ రుచించడం లేదు." "షుగరు ఉంది కదా, తినవచ్చో లేదో!" ఈ ముగ్గురూ తినదగిన ఒక సులువైన వంటకాన్ని ఈసారి చెబుతున్నాము. అదే కాల్చిన యాపిల్. విదేశాలలో దీన్ని ఓవెన్‌లో చేస్తారు. మనకు ఓవెన్ అక్కరలేదు.

బేకింగ్ అంటే కేకులు చేసేవారి పని అని చాలామంది అనుకుంటారు. కానీ మన గోదావరి జిల్లాల అమ్మమ్మలు దిబ్బరొట్టె ఎలా కాల్చేవారో గుర్తు చేసుకోండి. మందపాటి గిన్నెలో పిండి వేసి, కింద సన్నని సెగ పెట్టి, మూత మీద నిప్పులు పోసేవారు. అడుగు నుంచీ పై నుంచీ వేడి తగిలి రొట్టె లోపలి దాకా ఉడికేది. ఓవెన్ చేసేదీ ఇంచుమించు ఇదే.

వంటకంలోకి వెళ్ళే ముందు ఒక మాట చెప్పాలి. ఎర్రగా ఉంది కాబట్టి యాపిల్ తింటే రక్తం పడుతుందని, కోస్తే నల్లబడేది అందులోని ఇనుము వల్లేనని అనుకునేవారు ఉన్నారు. అది నిజం కాదు. పండులోని ఒక ఎంజైమ్‌కు గాలి తగలడం వల్ల ఆ రంగు వస్తుంది. 100 గ్రాముల యాపిల్‌లో ఇనుము సుమారు 0.1 మిల్లీగ్రాము మాత్రమే. రక్తం తక్కువగా ఉన్న గర్భిణులు యాపిల్ తింటున్నాం కదా అని ఐరన్ మాత్రలు మానేస్తే తల్లికీ బిడ్డకీ ప్రమాదం. విటమిన్ సి విషయంలోనూ అంతే. 100 గ్రాముల జామపండులో 200 మిల్లీగ్రాములకు పైగా ఉంటే, యాపిల్‌లో 5 మిల్లీగ్రాములు కూడా కష్టమే. కాబట్టి డబ్బు పెట్టి పండు కొనేటప్పుడు జామే కొనండి. ఇంటికి వచ్చిన యాపిల్‌ను మాత్రం పాడు చేయకండి.

కావలసినవి: మధ్యరకం యాపిల్ పండ్లు 4, కిస్‌మిస్ ఒక పెద్ద చెంచా, గింజ తీసిన ఖర్జూరాలు 2, జీడిపప్పు పలుకులు కొన్ని, దాల్చినచెక్క పొడి పావు చెంచా, నెయ్యి లేదా వెన్న ఒక చిన్న చెంచా, సగం నిమ్మచెక్క. పంచదార వేయనక్కరలేదు.

సామర్లకోట బజారులో దొరికేవి ఎక్కువగా ఎర్రని తియ్యటి రకాలు. అవి త్వరగా మెత్తబడతాయి, పులుపు తక్కువ. అందుకే నిమ్మరసం కలపమంటున్నాము. పుల్లని ఆకుపచ్చ యాపిల్ అయితే ఆకారం చెడకుండా నిలుస్తుంది, ధర మాత్రం ఎక్కువ. యాపిల్ చెట్టుకు శీతకాలంలో గట్టి చలి కావాలి కాబట్టి మన డెల్టాకు పండ్లు కాశ్మీరు నుంచీ హిమాచల్ నుంచీ రావలసిందే. ఆ హిమాచల్ తోటల కథలో కూడా ఒక మిషన్ సేవకుడు ఉన్నాడు. శామ్యూల్ స్టోక్స్ అనే అమెరికా యువకుడు 1904లో కుష్ఠురోగుల సేవకు మన దేశం వచ్చి, తర్వాత కోట్‌గఢ్‌లో స్థిరపడి, 1916 ప్రాంతంలో అమెరికా యాపిల్ మొక్కలు తెప్పించి నాటించాడు. ఇక వంటకు వద్దాము.

పండ్లను గోరువెచ్చని నీటిలో చేత్తో బాగా రుద్ది కడగండి. తొక్క మెరవడానికి పూసిన మైనం కొంత పోతుంది. తొడిమ వైపు నుంచి చిన్న చాకుతో గుండ్రంగా కోసి, చెంచాతో గింజల భాగమంతా తీసివేయండి. అడుగుకు చిల్లు పడకూడదు, పడితే లోపలి రసమంతా కారిపోతుంది. తర్వాత పండు నడుము చుట్టూ తొక్క మీద చాకుతో సన్నని గాటు పెట్టండి. మొదటిసారి చేసినప్పుడు మేము ఈ పని మరిచిపోయాము. లోపలి ఆవిరికి దారి లేక రెండు పండ్లు పగిలి, గుజ్జంతా పళ్ళెం పాలైంది. రుచికి లోటు లేదు గాని చూడడానికి బాగోలేదు.

కిస్‌మిస్, తరిగిన ఖర్జూరం, జీడిపప్పు, దాల్చినచెక్క పొడి, నిమ్మరసం కలిపి పండ్లలో కూరండి. పైన కొద్దిగా నెయ్యి వేయండి. అడుగు మందంగా ఉన్న పాత సిల్వరు గిన్నెలో జల్లించి బాగా ఎండిన ఇసుక ఒక అంగుళం మందాన పోసి, దాని మీద ఇనుప స్టాండు పెట్టి, గట్టి మూత వేసి మధ్యరకం మంట మీద 10 నిమిషాలు వేడి చేయండి. స్టీలు పళ్ళెంలో పండ్లు నిలబెట్టి, రెండు చెంచాల నీళ్ళు పోసి, పళ్ళేన్ని జాగ్రత్తగా స్టాండు మీద ఉంచి మూత పెట్టండి. మంట తగ్గించి 30 నుంచి 40 నిమిషాలు ఉంచండి. చాకు గుచ్చితే వెన్నలోకి దిగినట్టు దిగాలి. ఓవెన్ ఉన్నవారు 180 డిగ్రీల వేడిలో సుమారు 40 నిమిషాలు ఉంచితే చాలు.

ఈ పనికి నాన్‌స్టిక్ గిన్నె వాడకండి. ఖాళీగా కాగితే దాని పూత పాడై హానికరమైన పొగ వస్తుంది. కుక్కరు వాడేవారు మూత రబ్బరు, వెయిట్ రెండూ తీసివేయాలి. కాలిన ఇసుక మీద నీళ్ళు చల్లకండి, ఒక్కసారిగా లేచే ఆవిరి ముఖం కాలుస్తుంది. ఇసుక చల్లారడానికి గంటకు పైగా పడుతుంది, అంతవరకూ పిల్లలను దగ్గరకు రానివ్వకండి. పండు లోపల కూరిన కిస్‌మిస్ పైకి కనిపించేకంటే చాలా వేడిగా ఉంటుంది. పెద్దవారికి పెట్టే ముందు చెంచాతో విప్పి చల్లార్చండి.

పండు ఎందుకు అంత మెత్తబడుతుందంటే, అందులో కణాలను ఒకదానికొకటి అంటిపెట్టే పెక్టిన్ అనే పదార్థం వేడికి కరుగుతుంది. కొంత నీరు ఆవిరై పోవడంతో తీపి చిక్కబడి నాలుకకు ఎక్కువగా తెలుస్తుంది. నోరు చేదుగా ఉన్నవారు దీన్ని ఇష్టంగా తినడానికి కారణం ఇదే.

తీపి ఎక్కువగా తెలిసినా, చక్కెర పండులో మొదట ఉన్నంతే. 100 గ్రాముల యాపిల్‌లో సుమారు 10 గ్రాములు. షుగరు ఉన్నవారు ఖర్జూరం, కిస్‌మిస్ లేకుండా జీడిపప్పు మాత్రమే కూరుకుని, సగం పండు తినవచ్చు. ఆ పూట అన్నం కాస్త తగ్గించుకోవాలి. నమలగలిగితే పచ్చి పండు తొక్కతో తినడమే వారికి మేలు, ఎందుకంటే మెత్తగా ఉడికినది త్వరగా అరిగి చక్కెర త్వరగా రక్తంలో కలుస్తుంది. దాల్చినచెక్క షుగరు తగ్గిస్తుందని విని మాత్రలు మానవద్దు. మూత్రపిండాల జబ్బువల్ల పొటాషియం తగ్గించుకోమన్నవారికి అరటిపండు కంటే యాపిల్ నయం. అయినా ఎంత తినాలో మీ డాక్టరును అడగండి. వారు ఖర్జూరం, కిస్‌మిస్, జీడిపప్పు కూరవద్దు.

ఆరు నెలలు నిండిన పిల్లలకు ఏమీ కూరకుండా కాల్చి, తొక్క తీసి, గుజ్జు మెత్తగా మెదిపి పెట్టవచ్చు. ఏడాది లోపు పిల్లలకు తేనె కలపకూడదు. ఐదేళ్ళ లోపు వారికి జీడిపప్పు ముక్కలు గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది, పొడి చేసి వేయండి.

మిగిలిన పండ్లను మూత ఉన్న గిన్నెలో ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులు ఉంటాయి. ఫ్రిజ్ లేనివారు ఆ పూటకు సరిపడానే చేసుకోండి. పళ్ళెంలో మిగిలిన రసం పారబోయకుండా పెద్దవారి గోధుమరవ్వ జావలో కలపండి, పంచదార అడగరు.